ఒకే గాడిలో రెండు రింగులు

నా బండి ఆయిల్ లీకు మీద సర్వీసు సెంటరుతో నడిచిన గొడవ నిన్న సాయంత్రంతో ముగిసింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. వివరాలు మరుగున పడకముందే రాసి పెడుతున్నాను.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. దారాలు, బొత్తాలు, జిప్పులు, లేసు, ఎలాస్టిక్ బండి మీద వేసుకుని ఇటు కాశీనగర్, గుణుపూర్ దాకా, అటు పాతపట్నం దాకా దర్జీలకు అమ్ముతాను. నాది 150 సీసీ మోటారు సైకిల్. కొని పద్నాలుగు నెలలైంది, వారంటీ ఉంది. బండి ఒక రోజు ఆగితే ఆ రోజు రాబడి లేనట్టే.

ఈ నెల మొదట్లో మా ఊళ్లోని కంపెనీ సర్వీసు సెంటర్లో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించాను. బిల్లు తీసుకుని ఇంటికి వచ్చాను.

నాలుగో రోజు కాశీనగర్ దారిలో మాడు వాసన వచ్చింది. ఆపి చూస్తే సైలెన్సర్ మీద ఆయిల్ పడి పొగ లేస్తోంది. నా కుడి కాలు మోకాలి కింద అంతా జిడ్డు. కుడి వైపు సంచిలోని తెల్ల లేసు చుట్టలు ఆరు నల్లమచ్చలు పడి పనికిరాకుండా పోయాయి. వెనక చక్రం మీద కూడా తుంపరలు కనిపించేసరికి గుండె ఝల్లుమంది. టైరుకు ఆయిల్ అంటితే మలుపులో బండి జారిపోతుంది. దయచేసి ఎవరూ అలాంటి బండిని 'ఇల్లు చేరేదాకా చాలు' అనుకుని తోలవద్దు.

కాశీనగర్‌లో రోడ్డు పక్క మెకానిక్ ఒకతను ఫిల్టర్ మూత బోల్టులు మూడూ బిగించి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఇల్లు చేరేసరికి మళ్లీ కారుతోంది.

మర్నాడు సర్వీసు సెంటరుకు వెళ్లాను. అక్కడి సూపర్‌వైజరు నాకంటే పదేళ్లు చిన్నవాడు. నిలబడిన చోటు నుంచే ఇంజిన్ మీదకు టార్చి వేశాడు, వంగి కూడా చూడలేదు. "చాంబరు పగిలింది" అన్నాడు. చాంబరంటే ఇంజిన్ భాగాలనూ ఆయిల్‌నూ పట్టి ఉంచే అల్యూమినియం గుల్ల.

"ఎక్కడ పగిలిందో చూపించండి" అన్నాను.

"విప్పితే గాని కనపడదు."

"విప్పకుండా మీకెలా తెలిసింది?"

దానికి జవాబు లేదు. బోల్టు తలల మీద స్పానర్ గాట్లు చూపించి, "బయటి చేయి పడింది, ఇక వారంటీ రాదు. కొత్త చాంబరు, కూలి కలిపి 7,800 అవుతుంది" అన్నాడు. బోల్టులు బిగించినది నిజమే, కారుతున్నది ఆపడానికే బిగించారని చెప్పాను. అతను బెంచీ మీద కూర్చున్న వాళ్ల వైపు తిరిగి, "వీళ్లంతా ఇంతే. రోడ్డు పక్కన ఇరవై రూపాయలకు పాడుచేయించుకుని మా మీదికి వస్తారు" అన్నాడు. ఆ బెంచీ మీద ఏడుగురు ఉన్నారు. అందులో ఇద్దరు నా దగ్గర అరువు మీద సరుకు తీసుకునే దర్జీలు. నా మాట మీద నమ్మకంతో నాతో వ్యాపారం చేసేవాళ్ల ఎదుట నన్ను అబద్ధాలకోరును చేశాడు. నా ముఖం వేడెక్కిపోయింది.

అంతలో ఇంటి నుంచి ఫోను వస్తే తెలుగులో మాట్లాడాను. అతను అది విన్నాడు. ఒడియాలో రాసిన జాబ్ కార్డు (బండికి ఏం చేశారో రాసే కాగితం) నా ముందుకు తోసి, "బండి చూశామని రాశాం, అంతే. ఇక్కడ సంతకం పెట్టండి" అని వేలు పెట్టి చూపించాడు.

నేను పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివాను. తెలుగు అమ్మ నేర్పిన భాష, ఒడియా బడి నేర్పిన భాష. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. అప్పటి నుంచీ మా వీధుల్లో రెండు భాషలూ కలిసే బతుకుతున్నాయి. తెలుగు మాట్లాడేవాడికి ఒడియా చదవడం రాదనుకోవడం ఈ ఊళ్లో పుట్టినవాడు చేయవలసిన పని కాదు. కార్డు చేతిలోకి తీసుకుని బెంచీ మీది వాళ్లందరికీ వినపడేలా చదివాను. 'బయట చేయించిన పని వల్ల చాంబరు పగిలింది. వినియోగదారుడు ఒప్పుకున్నాడు' అని ఉంది.

ఎవరూ మాట్లాడలేదు. సూపర్‌వైజరు కార్డు లాక్కోబోయాడు. ముందు ఫోనులో ఫొటో తీసుకుని, తర్వాతే ఇచ్చాను. సంతకం పెట్టలేదు. అతను తాళంచెవి బల్ల మీదికి విసిరాడు. ఆయిల్ మట్టం ఎంతకు పడిపోయిందో తెలియదు గనుక ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇంటిదాకా బండిని నెట్టుకుంటూ వెళ్లాను. దారంతా ఆ 'ఒప్పుకున్నాడు' అన్న మాటే చెవుల్లో మోగింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

రెండు రోజులు గుణుపూర్ రైలెక్కి సరుకు మోశాను. పాతపట్నంలో నా దగ్గర దారాలు తీసుకునే దర్జీ ఒకతను ఈ సంగతి విని, "మా మేనమామకు చూపిద్దాం రండి" అన్నాడు. తగ్గినంత ఆయిల్ పోసి, మెల్లగా తోలుకుంటూ వెళ్లాను.

ఆ పెద్దాయన ముందు కిరసనాయిలుతో ఇంజిన్ కుడి వైపు అంతా కడిగి, గుడ్డతో పొడిగా తుడిచారు. తర్వాత ఇంట్లోంచి ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెప్పించి చాంబరు మీద, ఫిల్టర్ మూత చుట్టూ చల్లారు. "ఇప్పుడు స్టార్ట్ చేయి బాబూ" అన్నారు. చల్లగా ఉన్నప్పుడు ఏమీ కనపడలేదు. పది నిమిషాలకు, ఇంజిన్ వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక, మూత అంచున కింది వైపు పౌడరు మీద నల్లటి గీత దిగింది. చాంబరు మీది పౌడరు తెల్లగా, పొడిగా ఉంది. బండి నడుస్తుంటే గాలికి ఆయిల్ వెనక్కి కొట్టుకుపోయి అంతటా పరుచుకుంటుంది. అందుకే కడగకుండా చూసినవాడికి ఎక్కడ కారుతోందో తెలియదు. ఇంత తేలికైన పరీక్ష ఆ సూపర్‌వైజరు ఎందుకు చేయలేదు?

విప్పేముందు, "తాతగారూ, ఫోనులో వీడియో తీసుకుంటాను" అన్నాను. "తీసుకో" అన్నారు. ఇంజిన్ చల్లారాక బండిని సైడు స్టాండు మీద ఎడమకు వాల్చి పెట్టారు. అలా వాలిస్తే కుడి వైపు మూత తీసినా ఆయిల్ పెద్దగా పోదు. మూత ఊడివచ్చింది, దానితో కొత్త 'ఓ' రింగు, అంటే ఆయిల్ కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగు, వచ్చింది. ఆయన చాంబరు అంచున గోటితో మెల్లగా లాగారు. నల్లగా, బల్లపరుపుగా నొక్కుకుపోయిన ఇంకో రింగు ఊడివచ్చింది!

పాత రింగు తీయకుండా దాని మీదే కొత్తది పెట్టి మూత బిగించారు. ఒక రింగు పట్టే గాడిలో రెండు ఉంటే మూత సమంగా కూర్చోదు. ఇంజిన్ పంపు తోసే ఆయిల్ ఆ సందులోంచి దారి చేసుకుంది. ఆ పాత రింగును వేళ్ల మధ్య సాగదీసి చూశాను. రోజూ ఎలాస్టిక్ అమ్మేవాడిని, ప్రాణం పోయిన రబ్బరును గుర్తుపట్టలేనా? అది కనీసం ఏడాది నుంచి నొక్కుకుని ఉన్నది. బండి కంపెనీ నుంచి వచ్చినప్పటి రింగే.

మిగతా పని అరగంట పట్టలేదు. గాడిని స్క్రూడ్రైవరుతో గీకకుండా మెత్తటి గుడ్డతో తుడిచారు, అల్యూమినియం మీద గీత పడితే అదే మరో లీకు. పాతిక రూపాయల కొత్త 'ఓ' రింగుకు కాస్త ఆయిల్ రాసి కూర్చోబెట్టారు. లీకు ఆపే పేస్టు కూడా పూయరా అని అడిగితే వద్దన్నారు. లోపలికి పిండుకున్న పేస్టు ముక్కలై ఆయిల్ దారులకు అడ్డం పడుతుందట. మూడు బోల్టులనూ వంతులవారీగా కొంచెం కొంచెం తిప్పారు. అవి 6 మిల్లీమీటర్ల బోల్టులు, సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. బలం చూపిస్తే అల్యూమినియంలోని మర తెగిపోతుంది. కాశీనగర్‌లో ఆ పని జరగకపోవడం నా అదృష్టం. మళ్లీ పౌడరు చల్లి పావుగంట నడిపారు. ఎక్కడా తడి లేదు. కూలి ఎంతంటే "వంద ఇవ్వు" అన్నారు. రెండు వందలు బలవంతంగా చేతిలో పెట్టాను.

ఫిల్టర్ మార్పించేవాళ్లకు ఒక్క మాట: పాత ఫిల్టరుతో పాటు పాత 'ఓ' రింగును కూడా చూపించమని అడగండి. చూపించలేకపోతే అది బండిలోనే ఉందేమో!

నిన్న సర్వీసు సెంటరుకు వెళ్లాను. సూపర్‌వైజరును కాదు, మేనేజరును పిలవమన్నాను. రెండు రింగులు, నా బిల్లు, ఫోనులో వీడియో, జాబ్ కార్డు ఫొటో బల్ల మీద పరిచాను. ఆయన వీడియో రెండుసార్లు చూశాడు. కూలి డబ్బు తిరిగి ఇస్తానన్నాడు. నా లేసు సంగతి ఎత్తితే మాట దాటవేశాడు. "డబ్బు తర్వాత. ముందు కార్డు తెప్పించండి" అన్నాను. ఆయన నా ఎదుటే ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, 'పాత రింగు తీయకపోవడం వల్ల లీకు' అని ఒడియాలో రాసి, సంతకం చేసి ముద్ర వేశాడు. చదివాను. ఆ తర్వాతే దాని కింద నేను తెలుగులో సంతకం పెట్టాను.