కోడిపేగుపై జెంటమైసిన్: కాల్షియం దగ్గర మళ్లీ చిక్కు

జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ కోడిపేగు సంకోచాన్ని తగ్గిస్తుందన్నది ఈ విడత కూడా స్పష్టంగానే కనిపించింది గాని, కాల్షియం పెంచితే ఆ సంకోచం తిరిగి రావాలన్న రెండో సగం మాత్రం తేలక విసుగు పుట్టిస్తోంది. కండరాన్ని సంకోచింపజేసే ఎసిటైల్‌కోలిన్ మోతాదుల గ్రాఫు చక్కగా వచ్చింది, దాని ప్రభావాన్ని అడ్డుకునే అట్రోపిన్ ఆ సంకోచాన్ని పూర్తిగా అణచివేసింది.

చికెన్ దుకాణం నుంచి తెచ్చిన ఇలియం (చిన్నపేగు చివరి భాగం) ముక్కను 40 మి.లీ. బాత్‌లో (కండరాన్ని సజీవంగా ఉంచే పాత్రలో), శరీర ద్రవాన్ని పోలిన 37 డిగ్రీల టైరోడ్ లవణ ద్రావణంలో, 1 గ్రాము బిగువుతో అమర్చాను. ఎసిటైల్‌కోలిన్‌కు 2.1 గ్రాముల సంకోచం నమోదైంది. మి.లీ.కు 40 మి.గ్రా. జెంటమైసిన్ ఉండే ఇంజెక్షన్‌ను 1 మి.లీ. కలిపాక అదే మోతాదుకు 0.8 గ్రాములే వచ్చింది. జెంటమైసిన్ వంటి ఎమినోగ్లైకోసైడ్లు కాల్షియం ప్రవేశాన్ని అడ్డుకుంటాయి కనుక, ద్రావణంలో కాల్షియం గాఢతను 1.8 నుంచి 5.4 మిల్లీమోలార్‌కు పెంచితే కండరం కోలుకోవాలి. లాగుడు బలాన్ని కొలిచే లోడ్‌సెల్ మాత్రం 0.9 గ్రాముల దగ్గరే ఆగిపోయింది.

మొదట అనుమానించింది ఇంజెక్షన్‌లోని, కాల్షియంను పట్టేసే ఇ.డి.టి.ఎ.ను. లేబుల్ ప్రకారం అది మి.లీ.కు 0.1 మి.గ్రా. మాత్రమే, బాత్‌లో పలచబడ్డాక 0.007 మిల్లీమోలార్‌కు మించదు, అంత కాల్షియంను అది కట్టిపడేయలేదు. ఇంజెక్షన్ చెడిపోకుండా కలిపే పారాబెన్లు కండరాన్ని సడలిస్తున్నాయేమోనన్న సందేహం ఇంకా ఉంది. అయితే కాల్షియం కలిపిన కొద్దిసేపటికే ద్రావణం తెల్లగా మసకబారింది, జెంటమైసిన్ లేని గ్లాసులోనూ అదే జరిగింది. అక్వేరియం పంపు గాలి కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేయడంతో పి.హెచ్. 8 దాటిందని స్ట్రిప్పు చూపింది. కలిపిన కాల్షియంలో కొంత కార్బొనేటుగానో ఫాస్ఫేటుగానో అడుగున చేరి, కండరం దాకా వెళ్లడం లేదని నా ఊహ.

బాత్‌లోని మి.లీ.కు 1 మి.గ్రా. జెంటమైసిన్ గాఢత, వైద్యం పొందే కోడి రక్తంలో ఉండే స్థాయి కంటే ఎంతో ఎక్కువ కనుక, ఈ ఫలితాన్ని ఫారంలోని కోడికి నేరుగా అన్వయించకూడదు. లోడ్‌సెల్ రీడింగును నమోదు చేసే ఆర్డుయినో బోర్డు సున్నా రేఖ గంటలోపే జారిపోతున్నందున, కాలేజీ ల్యాబుల్లోని షెరింగ్టన్ డ్రమ్మే (సంకోచాలను కాగితంపై గీసే తిరుగుడు పీపా) నయమనిపిస్తోంది.

ఈసారి టైరోడ్ నుంచి బైకార్బొనేటునూ ఫాస్ఫేటునూ తీసేసి, 10 మిల్లీమోలార్ హెపెస్ బఫర్‌తో పి.హెచ్. 7.4 దగ్గర నిలిపి, ఇంజెక్షన్ బదులు జెంటమైసిన్ సల్ఫేట్ పొడిని వాడతాను. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కనుక బాత్‌ను 40కి పెంచాలి. అది కుదిరితే, స్వయంగా కాల్షియంను పట్టుకునే ఆక్సిటెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్ వంతు.