క్లిక్కులు 186, ఆర్డర్లు 2

ఈ నెల లెక్క చూస్తే ఒళ్లు మండిపోతోంది. నేను పంచే లింకు నొక్కి ఎవరైనా ఆన్‌లైన్‌లో కొంటే నాకు కొంత కమిషన్ వస్తుంది, దాంతో మా పఠనాలయానికి పుస్తకాలు కొంటాం. గ్రూప్-2 పుస్తకాల సెట్టు లింకుకు 186 క్లిక్కులు పడ్డాయి, ఆర్డర్లు మాత్రం రెండే. వాటిలో ఒకటి వాపసు వెళ్లింది, దాని కమిషన్ కూడా రద్దయింది. కడపలో మా వీధి పఠనాలయానికి తెల్లారేసరికే వచ్చి చాపల మీద చోటు పట్టుకునే పిల్లలున్నారు. వాళ్ల కోసం పెట్టుకున్న పని కాబట్టే ఈ అంకెలు ఇంతగా బాధిస్తున్నాయి.

పోయిన మూడు నెలల కమిషన్‌తో ఒక అట్లాసు, తెలుగు అకాడమీ చరిత్ర, ఆర్థికశాస్త్రం పుస్తకాలు కొన్నాం. బాగానే నలుగుతున్నాయి.

ఇక అసలు సమస్య. అదే టెలిగ్రాం ఛానెల్, అదే వాట్సాప్ గ్రూపు, అదే నోటీసు బోర్డు. చదువుకునే దీపం లింకుకు 94 క్లిక్కులకు ఏడు ఆర్డర్లు వచ్చాయి. కాబట్టి మనుషులు నమ్మడం లేదనడానికి వీల్లేదు. పుస్తకాల దగ్గరే ఏదో తెగిపోతోంది.

మొదటి అనుమానం గడువు మీద. నేను చేరిన కార్యక్రమంలో క్లిక్ చేసిన 24 గంటల్లోపు వస్తువును కార్ట్‌లో వేస్తేనే అది మన ఖాతాలో పడుతుంది. దీపం ఆరు వందలు, చూసిన సాయంత్రమే కొనేస్తారు. పుస్తకాల సెట్టు రెండు వేల నాలుగు వందలు. సీనియర్‌ను అడగాలి, ఇంటికి ఫోను చేయాలి, డబ్బు రావాలి. అప్పటికి నా లింకు గడువు తీరిపోతుంది. ఇళ్ల నుంచి డబ్బు అందే మొదటి వారంలో లింకు మళ్లీ పెట్టి చూశాను. అప్పుడు పడ్డ 61 క్లిక్కులకు ఒక్క ఆర్డరు. గడువు కొంత కారణమే గానీ, అదొక్కటే కాదు.

రెండోది కత్తిరింపు. ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు ‘సార్, ఇది కొత్త ముద్రణేనా?’ అంటూ నా లింకునే నాకు పంపాడు. చూస్తే అది వస్తువు సంఖ్య దగ్గరే ఆగిపోయింది. ప్రశ్నార్థకం తర్వాతి భాగమంతా లేదు, అది నా లింకేనని గుర్తుపట్టే ట్యాగ్ ఉండేది అక్కడే. పొడవుగా ఉందని ఎవరో మంచి మనసుతోనే కత్తిరించి ముందుకు పంపారు. అయితే అలా కత్తిరించిన లింకును నొక్కితే నా లెక్కలో క్లిక్కే పడదు. అంటే మనకు రాని క్లిక్కులకు ఇది జవాబు అవుతుంది, వచ్చిన 186కు కాదు.

ఆ 186ను విడదీయడానికి మూడు చోట్లకు మూడు ట్యాగులు ముందే పెట్టి ఉంచాను. టెలిగ్రాం 112, వాట్సాప్ 58, బోర్డు మీది క్యూఆర్ కోడ్ 16. టెలిగ్రాంలో ఒక ఆర్డరు, వాట్సాప్‌లో ఒకటి. దీపానికి వచ్చిన ఏడింటిలో అయిదు క్యూఆర్ నుంచే వచ్చాయి! పుస్తకాల క్యూఆర్ నెలాఖరున అతికించాం గనుక ఆ 16ను బట్టి ఏమీ చెప్పలేం.

పిల్లల ఫోన్లు తీసుకుని లింకు తెరిచి చూశాను. క్యూఆర్‌ను కెమెరాతో చూపితే కొనుగోలు యాప్ నేరుగా తెరుచుకుంది. కొన్ని ఫోన్లలో టెలిగ్రాం నుంచి నొక్కితే దాని లోపలి బ్రౌజరే తెరుచుకుంది. అందులో లాగిన్ అయి ఉండరు. పాస్‌వర్డ్ అడగగానే మూసేసి, తమ యాప్‌లోకి వెళ్లి పుస్తకం పేరు కొట్టి వెతుక్కుంటారు. నా ట్యాగ్ ఆ బ్రౌజర్‌లోనే ఉండిపోతుంది. నా బలమైన అనుమానం దీని మీదే. సొంతంగా కొని తేల్చుకుందామంటే సొంత ఆర్డర్లు లెక్కలోకి రావు.

పొడవైన లింకును పొట్టిగా మార్చే బిట్‌లీ వాడమని కొందరు సలహా ఇచ్చారు. నాకు ఇష్టం లేదు. లింకు ఎక్కడికి తీసుకెళ్తుందో నొక్కేవారికి ముందే కనిపించాలి. నా మటుకు వాట్సాప్ కన్నా టెలిగ్రాం ఛానెల్ మేలు, కొత్తగా చేరినవారికి పాత జాబితాలు కూడా దొరుకుతాయి. ‘మీరు కొంటే పఠనాలయానికి విరాళం’ అని లింకు పక్కన రాయమన్నవారూ ఉన్నారు. నేను చేరినదాని నిబంధనలు అందుకు ఒప్పుకోవు. ఈ లింకు వల్ల నాకు కమిషన్ వస్తుందని మాత్రం ప్రతిచోటా రాస్తాను, కొనేవారికి అది తెలియాలి. ఆ డబ్బు నా ఆదాయమే కాబట్టి ఆదాయపు పన్ను రిటర్నులో చూపుతాను. పుస్తకాల రూపంలో ఇచ్చినదానికి విరాళాల మీది పన్ను మినహాయింపు ఎలాగూ రాదు.

ఈ కమిషన్‌ను రెండు మూడు సంస్థలకు పంచమనే మాట కూడా వచ్చింది, నేను ఒప్పుకోను. 2013లో మొదలైన అమెజాన్ వారి విరాళాల పథకం అమెజాన్ స్మైల్, కొనుగోలులో అర శాతాన్ని లక్షల సంస్థలకు పంచి, ఆ సాయం మరీ పలచబడిందంటూ 2023 ఫిబ్రవరిలో మూతపడింది. వెయ్యి రూపాయలకు అయిదు రూపాయలు, అది కూడా అన్ని చోట్లకు! నాకు వచ్చేది అంతకన్నా ఎక్కువ శాతమే అయినా మొత్తం చిన్నది. ఒక్క గదికి చేరితేనే కంటికి కనిపిస్తుంది.

వచ్చే నెల సెట్టును విడగొట్టి ఒక్కో పుస్తకానికి ఒక్కో క్యూఆర్ ముద్రించి బల్లల మీద అతికిస్తాను. టెలిగ్రాంలో లింకు పైనే ‘బయటి బ్రౌజర్‌లో తెరవండి’ అని రాస్తాను. ఏడు రోడ్ల దగ్గరి దుకాణంలో అదే ధరకు దొరికే పుస్తకాలకు లింకు ఇవ్వను, అక్కడే కొనమంటాను. పఠనాలయం పేరు మీద టోకున కొంటే ఎంత తగ్గిస్తారో ఆ దుకాణంలోనే అడగాలి. పది శాతం తగ్గించినా నా కమిషన్‌ కన్నా ఎక్కువే. దసరా అమ్మకాలకు ముందే ఈ తగ్గింపు సంగతి తేలితే, ఆ రోజుల్లో దీపాల లింకు ఒక్కటే నడిపిస్తాను.