అమ్మ ఏరిన పత్తి

శనివారం రాత్రి, పొందూరు

ఉదయం మొదటి పీరియడ్‌లో రెండో సంవత్సరం విద్యార్థిని ఒకమ్మాయి ఫోను తెచ్చి ఒక బొమ్మ చూపించింది. ఎలుక మెదడులోని చిన్న ముక్క. ఒక్కో నాడీకణానిది ఒక్కో రంగు. పసుపు, వంకాయ రంగు, చిలకపచ్చ, నారింజ, అన్నీ ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయి సంక్రాంతి ముగ్గులా ఉంది. "మేడం, మెదడు లోపల నిజంగా ఇన్ని రంగులుంటాయా?" అని అడిగింది. చెప్పాల్సిన పాఠం పక్కన పెట్టేశాను. అంత మంచి ప్రశ్నను రేపటికి వాయిదా వేయకూడదు.

ఉండవు. సన్నగా కోసిన మెదడు ముక్కకు దాదాపు రంగే ఉండదు. ఆ రంగులు శాస్త్రవేత్తలు వెలిగే ప్రొటీన్లతో అద్దినవి. సముద్రంలోని ఒక జెల్లీచేప నుంచి ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్‌ను 1962లో ఒసాము షిమోమురా వేరుచేశారు. దాని జన్యువును ఇంకో జీవిలో పెడితే అక్కడా వెలుగుతుందని 1994లో మార్టిన్ చాల్ఫీ ఒక చిన్న నులిపురుగులో చూపించారు. ఆ ఆకుపచ్చ నుంచి ఎన్నో రంగులు పుట్టించినవారు రోజర్ చెన్. ముగ్గురికీ కలిపి 2008లో నోబెల్ ఇచ్చారు. ఆ అమ్మాయి చూపించినటువంటి మెదడు బొమ్మలు మొదట 2007లో హార్వర్డ్ నుంచి వచ్చాయి. మూడు నాలుగు రంగుల ప్రొటీన్లు ఒక్కో కణంలో ఒక్కో పాళ్లలో కలిసేలా చేసి, తొంభై దాకా ఛాయలు రాబట్టారు. అందం కోసం కాదు. చిక్కుపడిన నూలులో ఏ పోగు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో తెలియాలంటే పోగుకో రంగు అద్దాలి కదా, అంతే.

నూలు అనగానే అమ్మ గుర్తొచ్చింది. మధ్యాహ్నం తరగతులు కాగానే శ్రీకాకుళంలో పొందూరు బస్సెక్కాను. సంచిలో కాగితం సూక్ష్మదర్శిని ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో లోకానికి చూపించిన ఫోల్డ్‌స్కోప్ అది. అట్టను మడిచి చిన్న గాజుపూస లాంటి కటకం పెడితే 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది.

నేను వెళ్లేసరికి అమ్మ వసారాలో పత్తి దువ్వుతోంది. మా ఊళ్లో సన్న ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ మీద సూదుల్లాంటి సన్నని పళ్లు ఒత్తుగా ఉంటాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే అయినా, ఆ చేతి కదలిక ముందు కూర్చుంటే లేవబుద్ధి కాదు. గింజను పట్టుకుని మెల్లగా, ఒకే వైపుకు, పసిపిల్ల జుట్టు దువ్వినట్టు దువ్వుతుంది.

దువ్విన పత్తిలోంచి ఒక్క పోగు లాగి స్లైడు మీద పెట్టాను. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయింది, అంత చిన్న రంధ్రంలోంచి చూడటం కష్టం. అందుకని కటకానికి ఫోను తగిలించి తెర మీద చూపించాను. చదునైన రిబ్బను ఒకటి మెలికలు తిరుగుతూ ఆ అంచు నుంచి ఈ అంచు దాకా పోయింది.

అమ్మ చాలాసేపు చూసింది. "ఇది నేను తిప్పింది కాదే. నేనింకా రాట్నం ముందు కూర్చోనే లేదు. ఎవరు తిప్పారు మరి?"

నలభై ఏళ్లుగా నూలు వడికిన మనిషి అడగాల్సిన ప్రశ్న అది. ఆ పోగు మొత్తం ఒకే ఒక్క కణం అని చెప్పాను. పువ్వు విచ్చిన రోజునే గింజ పైపొరలోని కొన్ని కణాలు పైకి ఉబుకుతాయి. దాదాపు మూడు వారాలు పొడవు సాగుతాయి. మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటే, పొడవు రెండు సెంటీమీటర్ల దాకా, అంటే మందానికి వెయ్యి రెట్లు. కణం కంటికి కనిపించదని పుస్తకాల్లో చదివాం, పిల్లలకూ అదే చెబుతున్నాం. అమ్మ ఒళ్లో మాత్రం రోజూ లక్షల కణాలు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత లోపలి గోడ మీద సెల్యులోజ్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. పోగును రసాయనాల్లో ఉబ్బించి అడ్డంగా కోసి చూస్తే గోడలో రోజుకో వలయం ఉంటుందని 1919లో బాల్స్ అనే శాస్త్రవేత్త ప్రకటించారు. ఆ వలయాలు నా కాగితం పరికరానికి అందవు. కానీ ఆ పోగులో కొన్ని వారాల పగళ్లూ రాత్రులూ దాగి ఉన్నాయని తెలిసి చూడటం వేరు. కాయ పగిలాక కణంలోని తడి ఆరిపోతుంది, గొట్టం చదునై దానంతట అదే మెలి తిరుగుతుంది. ఎవరూ తిప్పలేదమ్మా, ఎండే తిప్పింది అన్నాను.

కుట్టు డబ్బాలోంచి పాలియెస్టర్ దారం తీసి దాని పోగు కూడా పెట్టాను. నున్నటి గాజుకడ్డీ. "అందుకే ఇది వేళ్ల మధ్య జారిపోతుంది" అంది అమ్మ. నిజమే. పత్తి పోగుల మెలికలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టే కదురు మీద అంత సన్నని నూలు తెగకుండా సాగుతుంది.

నీటిలోని సూక్ష్మజీవులను సూక్ష్మదర్శినితో చూసి 1674లో లోకానికి చెప్పిన లీవెన్‌హుక్ కూడా నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారే. ఆ సంగతి చెబితే అమ్మ ఆశ్చర్యపోలేదు. "బట్ట తెలిసినవాడు దగ్గరగా చూస్తాడు" అంది.

తర్వాత తనే లేచి, దువ్వేటప్పుడు పక్కకు తీసేసిన దూదిని పిడికెడు తెచ్చింది. "ఇదీ చూడు. ఇది వడికితే ఉండలు కడుతుంది." పెట్టి చూశాను. పలుచగా, గాజు కాగితంలా ఉన్న రిబ్బన్లు. మెలికలు దాదాపు లేవు. లోపలి గోడ పూర్తిగా పేరుకోకముందే ఆగిపోయిన పచ్చి పోగులవి. రంగు కూడా సరిగా పట్టవు, బట్టలో తెల్లటి చుక్కల్లా మిగులుతాయి. వాటి గోడకూ మంచి పోగు గోడకూ తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. ఆ తేడాను అమ్మ ఇన్నేళ్లూ వేళ్లతో పట్టుకుంటోంది! ఎలా తెలుస్తుందమ్మా అంటే, "చేతికి బరువుండదు" అంది. నేను తెరను ఎంతసేపు చూశానో అమ్మ చేతులనూ అంతసేపు చూశాను.

దీపాలు పెట్టే వేళకు రెండు స్లైడ్లకు కాగితాలు అంటించాను. ఒకదాని మీద 'అమ్మ ఏరిన పత్తి, పొందూరు' అని, రెండోదాని మీద 'అమ్మ తీసేసిన పత్తి, పొందూరు' అని పెన్సిలుతో రాశాను. సోమవారం మొదటి పీరియడ్‌కు తీసుకెళ్లాలి. పడుకోబోతూ అమ్మ, ఈసారి వచ్చేటప్పుడు వాలుగ పన్ను ఎలా ఉంటుందో కూడా చూపించమంది.