మీ ఊరి డైనోసార్ ఏది?

మావాడికి ఎనిమిదేళ్లు. పుట్టింది, పెరుగుతున్నది న్యూజెర్సీలో. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడమంటే మాత్రం భుజాలు ఎగరేస్తాడు. ఆదివారం తెలుగు బడిలో ఇచ్చిన అక్షరాల కాగితం మీద 'ఋ'కి తోక, 'ఘ'కి మూడు కొమ్ములు పెట్టి తెచ్చాడు. మూడేళ్లుగా వాడి లోకమంతా డైనోసార్లే.

కిందటి డిసెంబర్‌లో మా ఊరు బయల్దేరే ముందు నేనొక తెలివితక్కువ పని చేశాను. వాడి డైనోసార్ పుస్తకాలన్నీ అల్మరా పై అరలో దాచేసి, సంచిలో బొమ్మల రామాయణం పెట్టాను. ఇరవై రోజులైనా మనవాటి మీద మనసు పెడతాడని ఆశ. విమానంలో వాడు ఆ పుస్తకం నాలుగు పేజీలు తిప్పి, జటాయువు దగ్గర కాసేపు ఆగి, మూసేశాడు.

"అమ్మా, నా ఊరి డైనోసార్ హేడ్రోసారస్. మీ ఊరిది ఏది?"

వాడి లెక్క తప్పేమీ కాదు. 1858లో న్యూజెర్సీలోని హేడన్‌ఫీల్డ్‌లో, పొలాలకు ఎరువుగా వేసే మట్టి తవ్విన గుంటలో హేడ్రోసారస్ ఎముకలు దొరికాయి. పదేళ్ల తర్వాత ఫిలడెల్ఫియాలో ఆ అస్థిపంజరాన్ని జనం చూసేందుకు నిలబెట్టారు. ప్రపంచంలో అలా నిలబెట్టిన మొదటి డైనోసార్ అదే. 1991లో దాన్ని రాష్ట్ర డైనోసార్‌గా ప్రకటించారు. మాకు దగ్గర్లోనే ఇంకో పాత మట్టి గని ఉంది. అక్కడ పిల్లలనీ తవ్వనిచ్చి, దొరికింది ఇంటికి తీసుకెళ్లనిస్తారు. అలా దొరికిన షార్క్ పన్ను ఒకటి మావాడి పెన్సిల్ డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది. ఆ మట్టి వాడిది. ఆ ప్రశ్నలో నాకు గుచ్చుకున్నది 'మీ ఊరు' అన్న మాట.

హైదరాబాద్‌లో దిగినప్పుడు పుస్తకాలు దాచిన పాపం కడుక్కుందామని బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్లాను. అక్కడ నిలబెట్టింది కోటసారస్. గోదావరి లోయలో యామనపల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన ఎముకలు. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. తెలుగు మాట్లాడమంటే భుజాలు ఎగరేసే మావాడు 'యామనపల్లి'ని ఒక్క తప్పు లేకుండా పలికాడు. చివర 'ఎన్సిస్' అంటే 'ఆ ఊరికి చెందిన' అని వాడే చెప్పాడు. మన ఇంటిపేర్లూ అంతేరా, చాలావరకు పూర్వం ఉన్న ఊరి పేర్లే అన్నాను. ఇంటిపేరు గురించి వాడు ఏదైనా అడగడం అదే మొదటిసారి.

మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలికి అవతల. మా తమ్ముడు గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్. దిగిన మర్నాడే మావాడు సుత్తి పట్టుకుని తయారయ్యాడు.

"అప్పా, ఈడికి ఎముకలు కావాలంట. క్వారీలో నేనేటి సూపించీది?" అని తమ్ముడు తల గోక్కున్నాడు.

చూపించడానికి నిజంగానే ఏమీ లేదు. మా కొండలు శిలాజాలు దాచుకునే రకం కావు. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి ఉడికి మారిన రాళ్లు ఇవి. ఖోండు గిరిజనుల పేరు మీద ఖొండలైట్ అంటారే, ఆ రాయి ఇక్కడిదే. మొదటి డైనోసార్ పుట్టి ఇరవై మూడు కోట్ల ఏళ్లు దాటి ఉంటుంది, అంతే. అంటే మా కొండ గట్టిపడే నాటికి ఎముక ఉన్న జీవే భూమ్మీద లేదు. ఇది విని వాడు ఏడుస్తాడనుకున్నాను. "అయితే మీ కొండ డైనోసార్ల కంటే నాలుగు రెట్లు ముసలిది" అని వేళ్ల మీద లెక్క కట్టి, గార్నెట్ చుక్కలున్న ముక్కొకటి జేబులో వేసుకున్నాడు. సముద్రం ఒడ్డున ఇసుకలో ఎర్రగా కనపడే రేణువులు కూడా ఈ కొండల నుంచి కొట్టుకొచ్చిన గార్నెట్లేనని చెప్తే, మర్నాడు గుప్పెడు ఇసుక కూడా చేరింది. ఆ నిక్కర్ ఉతికింది నేనే.

అసలు ముచ్చటంతా మా అమ్మ వంటింట్లో జరిగింది. అమ్మకి డైనోసార్ అంటే రాకాసి బల్లి. "ఏటిరా గుంటడా, పొద్దస్తమానం ఆ రాకాసి బల్లుల గోల?" అంటూనే, ఒక్కోదాని పేరుకి అర్థమేమిటని అడిగేది. వాడు ఇంగ్లిష్‌లో చెప్పడం, నేను తెలుగులో అనడం. పాకీసెఫలోసారస్ అంటే మందతల బల్లి అనగానే "మీ అమ్మలాగా" అంది. ఓవిరాప్టర్ అంటే గుడ్లదొంగ. దాని కథంతా విందాకా అమ్మ వాడిని వదల్లేదు.

1923లో మంగోలియాలో గుడ్ల గూటి మీద ఈ జంతువు ఎముకలు దొరికాయి. వేరే డైనోసార్ గుడ్లు తింటూ చచ్చిపోయిందనుకుని, మరుసటి ఏడాది దానికి ఆ పేరు పెట్టారు. 1993లో అలాంటి గుడ్డులోనే పిండం ఎముకలు దొరికాయి. చూస్తే అది ఓవిరాప్టర్ కుటుంబానికి చెందిన పిల్లే. పైగా, గూటి మీద కోడిపెట్టలాగే ముందుకాళ్లు చాపి కూర్చున్న అస్థిపంజరం కూడా బయటపడింది. దొంగ కాదు, పొదుగుతున్న తల్లో తండ్రో. కానీ ఒకసారి పెట్టిన శాస్త్రీయ నామం మార్చడానికి నియమాలు ఒప్పుకోవు.

"సొంత గుడ్లు పొదుక్కుంటంటే దొంగని పేరెట్టీసినారా? తప్పని తెలిసినాక కూడా మార్చరా?" అంది అమ్మ, ఆ పేరు పెట్టింది నేనే అన్నట్టు నన్ను చూస్తూ. పెరట్లో గంప కింద మూడు పెట్టల్ని పొదగేసిన మనిషి. ఆ అన్యాయం ఆవిడకి అర్థమైనంతగా నాకు అర్థం కాలేదేమో.

ఆ ఆదివారం నాటుకోడి పులుసు. పళ్లెంలో మెడ కిందుండే చీలిన ఎముక కనపడగానే మావాడు కేక పెట్టాడు. ఈ ఎముక టి. రెక్స్‌కీ ఉంటుందట. పక్షులు డైనోసార్ల బంధువులు కావు, బతికి మిగిలిన డైనోసార్లే అని శాస్త్రవేత్తలు చెప్పేమాట వాడు అమ్మమ్మకి అప్పజెప్పాడు, సగం తెలుగులో. పెరట్లో కోడికాలు పట్టుకుని పొలుసులు, ముందుకున్న మూడు వేళ్లు చూపించాడు. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే నా ఇంట్లో రాకాసి బల్లులు పదకొండున్నాయి. ఇయ్యాల ఒకటి తగ్గింది" అంది.

మర్నాడు తేలినీలాపురం. శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. వాటి రాక శుభమని నమ్మే ఊరివాళ్లు వాటినేమీ అనరు. అరటిపండంత ముక్కులు, నోటి కింద సంచి, రెక్క విప్పితే చెట్టు కొమ్మ మొత్తం కప్పేసేవి. చిన్నప్పటి నుంచి చూసినవే, ఎప్పుడూ తలెత్తి ఇంతసేపు నిలబడలేదు నేను. మెడ పట్టేసింది.

శ్రీకూర్మం వెళ్లేరోజు నాకు టెన్షన్. తాబేలు రూపంలో విష్ణువుని కొలిచే గుడి. వీడు అక్కడ ఏం వాగుతాడో! దానికి తోడు ముందురోజే చుట్టాల గ్రూపులో దశావతారాలంటే పరిణామ సిద్ధాంతమేనని వాట్సాప్ మెసేజ్ ఒకటి తిరిగింది. నాకు అవంటే ఒళ్లుమంట. దేవుడి కథ దేవుడి కథలా ఉండటానికి ఏం తక్కువైందని? మావాడూ ఒప్పుకోలేదు: "తాబేలు నుంచి పంది రాలేదు."

దర్శనం చేసుకుని బయటికొచ్చాక అడిగాడు. పాలసముద్రంలో కొండ మోసింది కదా, మరి సముద్రపు తాబేలుకి కాళ్లుండవు, తెడ్లుంటాయి, ఈ దేవుడు ఏ రకం?

అమ్మ తడుముకోలేదు. "కొండ మొయ్యాలంటే కాళ్లుండాల గదరా. తెడ్లుంటే జారిపోదా?"

గుడి దగ్గర పెంచుతున్న నక్షత్ర తాబేళ్ల కాళ్లు వంగి చూసి, వాడు సరేనన్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చి ఫాల్కనర్ సంగతి చెప్పాను. హ్యూ ఫాల్కనర్, ప్రోబీ కాట్లీ అనే ఇద్దరు బ్రిటిష్ వాళ్లు 1830లలో మన శివాలిక్ కొండల్లో ఓ బ్రహ్మాండమైన నేల తాబేలు శిలాజాలు తవ్వి తీశారు. చిప్ప ఒక్కటే దాదాపు రెండు మీటర్లు. ఆకాశాన్ని మోసే గ్రీకు పురాణ పురుషుడి పేరు మీద దానికి అట్లాస్ అని పేరు పెట్టి, 1844లో లండన్‌లో దాని గురించి చెప్తూ ఫాల్కనర్ మన కూర్మావతారాన్నీ తలుచుకున్నాడు. మన పూర్వీకులు దాన్ని చూసే కథ అల్లారంటారా? అంత దూరం నేను వెళ్లను. మావాడు మాత్రం గుడివైపు తిరిగి మరోసారి దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో అడగలేదు.

న్యూజెర్సీకి వచ్చాక పుస్తకాలు కిందికి దించాను. బొమ్మల రామాయణం కూడా వాటి పక్కనే పెట్టుకున్నాడు, జటాయువు పేజీలో కాగితం ముక్క పెట్టి. తెలుగు బడికి ఇప్పటికీ ఏడుస్తూనే వెళ్తాడు. ఆదివారం రాత్రుళ్లు అమ్మమ్మతో వీడియో కాల్ మాత్రం వాడే కలుపుతాడు.

ఏప్రిల్‌లో ఓరోజు అమ్మే చేసింది. "ఒరే, తేలినీలాపురంలో నీ రాకాసి బల్లులు ఎల్లిపోనాయిరా. ఒక్కటే ఉండిపోనాది, రెక్క దెబ్బ తగిలినట్టుంది."

"ఏ రెక్క అమ్మమ్మా? కుడిదా, ఎడమదా?" అన్నాడు వాడు, పెన్సిల్ డబ్బా తెరుస్తూ.