హెర్మన్స్‌బుర్గ్‌లో ఒక ఆదివారం

జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్‌లో ఆ ఆగస్టు ఆదివారం ఉదయం ఆరాధనకు ముందు ఆ ఊరి చర్చి బూరల బ్యాండుతో రిహార్సల్‌కు కూర్చుని, కీర్తన మొదటి పాదం అందుకున్నామో లేదో, చర్చి అంతా అపస్వరంతో నిండిపోయింది. నెల్లూరు నుంచి వెళ్ళిన మా ఆరుగురు బూరలవాళ్ళలో నలుగురం ఒకే తప్పు చేస్తున్నాము. అందరం కలిసి చేస్తున్నాము గనుక మా చెవులకు అది శ్రావ్యంగానే ఉంది. ఆ ఊరి బ్యాండు 'రి' మీద ఉంటే మేము 'స' మీద ఉన్నాము.

"ఏందిరా, చలికి శ్రుతి దిగిపోయిందా?" అని మా బ్యాండు మాస్టారు నావైపు తిరిగారు.

ఆయన అనుమానంలో న్యాయముంది. రోహిణి కార్తె ఎండలో పెళ్ళి ఊరేగింపులో వాయించేటప్పుడు ఇత్తడి కాలిపోయి శ్రుతి పైకి పోతుంది గనుక, శ్రుతి సరిచేసే గొట్టమైన ట్యూనింగ్ స్లయిడ్‌ను బయటికి లాగి ఉంచడం మాకు అలవాటు. అక్కడి పొద్దుటి చలికి దానిని పూర్తిగా లోపలికి నెట్టవలసి వచ్చింది. అయితే చలికి శ్రుతి కాస్త జారుతుంది గాని, ఏకంగా ఒక స్వరం జారదు.

అసలు కారణం కాగితంలో ఉంది. మన బ్యాండుల్లో మిలిటరీ పద్ధతి నడుస్తోంది: 'సి' అని రాసి ఉంటే ట్రంపెట్ మీద ఏ వాల్వూ (వేలితో నొక్కే మీట) నొక్కకుండా ఊదుతాము, వినబడేది మాత్రం పియానో మీది బి-ఫ్లాట్, అంటే సి కన్నా ఒక స్వరం కింద. జర్మనీ చర్చి బ్యాండులు ఈ పద్ధతిని ఎప్పుడో వదిలేశాయి. బీలెఫెల్డ్ ప్రాంతంలో పనిచేసిన యోహన్నెస్ కూలో (1856–1941) అనే పాస్టరు, గాయక బృందం ముందున్న, నాలుగు గొంతులకు రాసిన కాగితాన్నే బూరలవాళ్ళూ నేరుగా చూసి వాయించాలని పట్టుబట్టి, పియానోకు రాసినట్టే వీళ్ళకూ రాయించారట. అందుచేత అక్కడ 'సి' అంటే నిజమైన సి. కాగితంలో కింది సి వస్తే మా ట్రంపెట్ మీద దానికి ఒకటో వాల్వూ మూడో వాల్వూ నొక్కాలి. ట్రాంబోన్లు వాయించే ఇద్దరికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే వాళ్ళు మన దగ్గరా పియానోకు రాసినట్టున్న స్వరాన్నే చదువుతారు. ఆ పూట వాళ్ళ ముఖాల్లో కనబడిన గొప్పతనం గురించి ఇక్కడ రాయను.

మాస్టారు పెన్సిలు తీసి, "చూసిన దానికి పై స్వరం ఊదండి, రెండు షార్పులు కలుపుకోండి" అన్నారు. షార్పు స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తు, ఫ్లాటు అర మెట్టు తగ్గించే గుర్తు; రెండు షార్పులు రెండు ఫ్లాట్లను కొట్టేస్తాయి గనుక, మూడు ఫ్లాట్లున్న కీర్తన ఆ లెక్కన మాకు ఒక్క ఫ్లాటుతో తేలిపోయింది. తల ఒప్పుకున్నా వేళ్ళు ఒప్పుకోవు గనుక, నేను ప్రతి స్వరం కింద వాల్వుల అంకెలు రాసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ట్రంపెట్ పట్టినవాడు ఒకటో తరగతి పిల్లవాడిలా అంకెలు చూసి వాయించడం ఎంత నామోషీగా ఉంటుందో పట్టినవాడికే తెలుస్తుంది.

మేము అంత దూరం పోవడానికి పాత చుట్టరికమే కారణం. లూయీ హార్మ్స్ అనే పాస్టరు 1849లో ఆ ఊళ్ళో మిషనరీల శిక్షణాలయం పెట్టారు. అక్కడి మిషన్ 1860ల్లో ఆగస్ట్ మీలియుస్ ద్వారా సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతంలో పని మొదలుపెట్టింది. ఆ ఊళ్ళు 2022లో తిరుపతి జిల్లాలోకి పోయాయి గాని, నా నోటికి అవి ఇంకా నెల్లూరు జిల్లానే.

ఆరాధనలో స్వరం తప్పలేదు, మోత అదుపు తప్పింది. వీధిలో డప్పుల మీదుగా వినబడేలా ఊదడానికి అలవాటుపడిన ఊపిరి అది. బ్యాండు నడిపే ఆవిడ అరచేతిని కిందికి ఊపుతూనే ఉన్నారు. పక్కన ఫ్లూగెల్‌హార్న్ వాయించే పెద్దాయన మనిషి గొంతులా మెత్తగా ఊదుతుంటే, నా ట్రంపెట్ నాకే కటువుగా వినబడింది.

సాయంత్రం వృద్ధాశ్రమంలో ఎవరిదో పుట్టినరోజు. చర్చి బ్యాండు వెళ్ళి వాయించడం అక్కడి ఆనవాయితీ. ముగింపులో మా తెలుగు కీర్తన ఒకటి వాయించమన్నారు. దానికి కాగితం లేదు. మాస్టారు నోటితో పాడి నేర్పినదే. ట్యూబా వాయించే కుర్రవాడు ఆధార శ్రుతి పట్టుకుంటానని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాడు.

మాస్టారు ఒక్క క్షణం ఆగి, వేళ్ళ మీద లెక్క కట్టి, "మాకు సి, మీకు బి-ఫ్లాట్" అన్నారు.