మళ్ళీ చేయనిచ్చారుగా

"మళ్ళీ రాయనిచ్చారుగా, ఇంకేంటి?" అన్నారు ఈయన, పెరుగన్నం కలుపుకుంటూ. చిన్నోడు కంచంలోంచి తలెత్తలేదు. నేనూ అప్పటికి ఊరుకున్నాను. గిన్నెలు సర్దేసి, పాలు తోడేసి, లైట్లు తీసేసి పడుకున్నాక ఆ మాట బుర్రలో తిరగడం మొదలెట్టింది. ఇక నిద్ర పట్టేలా లేదని లేచొచ్చి ఇది టైప్ చేస్తున్నాను.

జరిగింది చిన్న విషయమే. పొద్దున వాడి ఆన్‌లైన్ పరీక్ష. సెంటర్‌లో వాడికిచ్చిన మౌస్ మొరాయించింది. ఒక జవాబు మీద నొక్కితే పక్కది పడుతోంది. చెయ్యెత్తి చెబితే, అక్కడ తిరుగుతున్నాయన "అందరికీ బాగానే ఉంది కదా, సరిగ్గా నొక్కు" అన్నాట్ట. వీడు నోరుమూసుకుని, తప్పు తన చేతిలోనే ఉందనుకుని, ప్రతి ప్రశ్న దగ్గరా దాంతో కుస్తీపట్టాడు. లెక్కల దగ్గరికి వచ్చేసరికి టెన్షన్‌తో తల పనిచేయలేదు. వచ్చినవి కూడా తప్పు చేశాడు. ఆఖర్లో ఎవరో అమ్మాయి గట్టిగా అడిగితే అప్పుడు చూశారు, ఆ వరసలో మౌస్‌లన్నీ అంతేనని. సాయంత్రం ఆ వరసలో పిల్లలందరితో మళ్ళీ రాయించారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ వాడన్న మొదటి మాట, "నాకు లెక్కలు రావమ్మా."

మౌస్ పాడైతే వీడికి లెక్కలు రాకుండా ఎలా పోయాయి? నన్ను తొలిచేస్తున్నది ఇదే.

నాకు వెంటనే ఖోర్కినా గుర్తొచ్చింది. స్వెత్లానా ఖోర్కినా, రష్యా జిమ్నాస్టు. మా అక్కకి ఆరాధ్య దైవం. అక్క సంగతి మీకు తెలిసిందే. పదో తరగతికే ఇంట్లో మగపిల్లల్ని దాటేసి ఎదిగిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా "ఇంత పొడుగు పిల్లకి సంబంధాలెక్కడ తెస్తావమ్మా" అని అమ్మని జాలిగా చూసేవాళ్ళు. పాపం అక్క భుజాలు వంచుకుని నడిచేది. గుమ్మాల్లో నిలబడేది కాదు, కూర్చునేది.

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్. పెద్దనాన్నగారింట్లో టీవీ. 19న మన ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచింది. వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. శ్రీకాకుళంలో మా వీధి వీధంతా ఆ ఇంట్లోనే ఉంది. పెద్దనాన్న కాలర్ ఎగరేసుకుని తిరిగారు. మొత్తం ఆ ఒలింపిక్స్‌లో దేశానికి దక్కిన పతకం అదొక్కటే మరి. ఆ సంబరంలో టీవీ కట్టేసే నాథుడు లేడు. అంతకుముందు "ఆటలేమిటి, చదువుకోండి" అనే మనిషి, ఆ వారమంతా ఏ ఆట వస్తే ఆ ఆట చూడనిచ్చారు. అలా మా కళ్ళబడింది జిమ్నాస్టిక్స్.

అందరూ పొట్టి పొట్టి పిల్లలు. వాళ్ళ మధ్య ఒక పొడుగు కాళ్ళ అమ్మాయి, గడ్డం పైకెత్తి నడుస్తూ వచ్చింది. 165 సెంటీమీటర్లు. బయట అదేం పెద్ద ఎత్తు కాదు, మా అక్క ఇంకా పొడుగు. కానీ జిమ్నాస్టిక్స్‌లో అది చాలా ఎక్కువ. గాల్లో గిరికీలు కొట్టాలంటే ఒళ్ళు పొట్టిగా ఉంటేనే తేలిక. బెల్గొరొద్ అనే ఊళ్ళో మొదలుపెట్టిన ఈ పిల్లని, పొడుగు అడ్డొస్తుందన్న మాటలేవీ పట్టించుకోకుండా బోరిస్ పిల్కిన్ అనే కోచ్ తయారుచేశాడు. ఆమె కొలతలకి తగ్గట్టు విన్యాసాలు కట్టాడు. వాటిలో కొన్నిటికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

అన్‌ఈవెన్ బార్స్ మీద, అంటే ఒకటి ఎత్తుగా ఒకటి కిందగా ఉండే రెండు కడ్డీల మీద, చూడాలి ఆమెని. మోచేతుల దాకా తెల్లటి సుద్దపొడి. పై కడ్డీ పట్టుకుని ఊగుతూ వచ్చినప్పుడు ఆ పొడుగు కాళ్ళు కింది కడ్డీకి తగిలేస్తాయని మనకి ప్రాణం పోతుంది. సరిగ్గా అక్కడికొచ్చేసరికి నడుము దగ్గర మడిచి, బొటనవేళ్ళ దాకా సాగదీసి, కడ్డీని తప్పించుకుని వెళ్ళిపోతుంది. ఏ పొడుగు వద్దన్నారో ఆ పొడుగు వల్లే ఆ గీత అంత అందంగా కనబడేది. అక్క రెప్ప వేయకుండా చూసేది. ఆ వారంలో అక్క భుజాలు వంచకుండా నడిచిందని ఒట్టేసి చెప్తాను.

21న ఆల్‌రౌండ్ ఫైనల్. నాలుగు పరికరాల మీదా ఎవరు బాగా చేస్తే వాళ్ళది. అప్పటికే ఖోర్కినా 1997లో ప్రపంచ ఆల్‌రౌండ్ చాంపియన్, అట్లాంటాలో బార్స్ మీద ఒలింపిక్ స్వర్ణం, 2000లో యూరప్ చాంపియన్ కూడా. స్వర్ణం ఆమెదే అని అక్క ఢంకా బజాయించి చెప్పింది. ఫ్లోర్, అంటే నేల మీద చేసే విన్యాసాలు, బాగా చేసింది. తర్వాత వాల్ట్. అప్పట్లో ఇప్పటిలా వెడల్పాటి బల్ల ఉండేది కాదు, అడ్డంగా పెట్టిన, గుర్రం అని పిలిచే సన్నటి దిమ్మ ఉండేది. ఆ గుర్రం 125 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఆ రోజు 120కే బిగించారు. ఎవరూ చూసుకోలేదు.

ఐదు సెంటీమీటర్లంటే మనకి ఏమీ కాదు. పరిగెత్తుకొచ్చి, స్ప్రింగ్‌బోర్డు మీద నుంచి లేచి, రెప్పపాటులో చేతులు గుర్రం మీద ఆనించి నెట్టాలి. ఏళ్ళ తరబడి చేసిన ఒళ్ళు, ఆ ఎత్తు ఎక్కడుంటుందో కళ్ళతో చూడదు. అది అక్కడ ఉంటుందని నమ్ముతుంది, అంతే. అక్కడ లేకపోతే నెట్టాల్సిన నెట్టు పడదు, పైకి లేవాల్సినంత లేవదు, దిగేటప్పటికి నేల ముందే వచ్చేస్తుంది. ఖోర్కినా మోకాళ్ళ మీద పడింది.

తర్వాతి పరికరం బార్స్. ఆమె సొంత గడ్డ. అక్కడా పడింది.

ఆ తర్వాత బయటపడింది అసలు సంగతి. మూడో రౌండ్‌లో వాల్ట్ దగ్గరికొచ్చిన ఆస్ట్రేలియా అమ్మాయి అలానా స్లేటర్, గుర్రం పొట్టిగా ఉందని గట్టిగా చెప్పింది. కొలిచి చూస్తే నిజమే. అప్పటికే రెండు గుంపులు దాని మీద దూకేశాయి. అమెరికా అమ్మాయి ఎలిస్ రే పడింది. బ్రిటన్ అమ్మాయి అనికా రీడర్ దెబ్బ తగిలి పోటీలోంచే తప్పుకుంది. ఎత్తు సరిచేసి, కావలసినవాళ్ళు వాల్ట్ మళ్ళీ చేసుకోవచ్చన్నారు.

మళ్ళీ చేసుకోవచ్చు! వాల్ట్ మళ్ళీ చేయిస్తారు సరే, బార్స్ మీద పడ్డది ఎవరు తీస్తారు? దానికి మళ్ళీ అవకాశం లేదు, ఎందుకంటే బార్స్‌లో లోపమేమీ లేదు కదా. కాగితం మీద లెక్క సరిపోయింది. కానీ బార్స్ ఎక్కేటప్పుడు ఆమె తలలో ఏముందో ఎవరైనా ఆలోచించారా? "పాడుచేసుకున్నాను, నావల్లే పోయింది" అనే కదా ఉంటుంది. గుర్రం తప్పని తెలిసి ఎక్కడం వేరు, తన తప్పనుకుని ఎక్కడం వేరు. చిన్నోడు లెక్కల ప్రశ్నల దగ్గరికి వెళ్ళింది కూడా అలాగే. పెద్దవాళ్ళ పొరపాటు పిల్లల ఒంట్లోకి దూరిపోయాక, సాయంత్రం ఆరింటికి మళ్ళీ రమ్మంటే అది ఎలా పోతుంది? "సరిగ్గా నొక్కు" అన్నాయన వచ్చి "నీ తప్పు కాదు బాబూ" అన్నాడా? అనలేదు. అడిగాను వాణ్ణి. కొత్త లాగిన్ చీటీ చేతిలో పెట్టి పంపారంతే. ఆ ఒక్క మాటకి ఖర్చేమయిందండీ? పైగా ఇంట్లో కూడా "ఇంకేంటి" అనేస్తే వాడెవరికి చెప్పుకుంటాడు?

ఇక్కడిదాకా రాసి నీళ్ళు తాగడానికి లేచాను. వంటింట్లో నిలబడితే ఇంకోలా అనిపిస్తోంది.

ఖోర్కినా పతనమంతా ఆ గుర్రం మీద వేసేయడం ఆమెకి న్యాయం చేసినట్టవుతుందా? అంతకు రెండు రోజుల ముందు, మల్లీశ్వరి కాంస్యం గెలిచిన 19వ తేదీనే, టీమ్ ఫైనల్‌లో కూడా ఖోర్కినా బార్స్ మీంచి పడింది. అప్పుడు ఏ లోపమూ లేదు. స్వర్ణం రొమేనియాకి వెళ్ళింది, రష్యాకి రజతం. అంటే ఆ వారం ఆమెకి బార్స్ మీద పట్టు చిక్కలేదేమో. 21న గుర్రం సరిగ్గా ఉన్నా పడేదేమో. ఎవరు చెప్పగలరు? అసలు అన్యాయం అక్కడే ఉంది, చెప్పలేకుండా చేశారు. కానీ "అంతా వాళ్ళ వల్లే" అని నేను ఒట్టు పెట్టలేను.

ఇంకో సంగతి. మళ్ళీ చేసుకోమంటే నిజంగానే చేసినవాళ్ళున్నారు. ఎలిస్ రే మళ్ళీ దూకింది, మెరుగ్గా చేసింది. ఆ అమ్మాయి పట్టుకెళ్ళింది ఆ అవకాశాన్ని. కాబట్టి ఈయన అన్నదాంట్లో సగం నిజముంది. మళ్ళీ చేయనివ్వడం అసలు చేయనివ్వకపోవడం కంటే నయమే. ఆ రాత్రి స్వర్ణం గెలిచిన పదహారేళ్ళ అండ్రియా రదుకాన్‌కి అది కూడా దొరకలేదు. జలుబని టీమ్ డాక్టరు ఇచ్చిన మాత్రలో సూడోఎఫెడ్రిన్ అనే, అప్పట్లో ఆటగాళ్ళకి నిషేధించిన మందు ఉందని, 26న ఆమె పతకం వెనక్కి తీసుకున్నారు. డాక్టరు ఇచ్చిన మాత్ర పిల్ల వద్దంటుందా? పతకం ఆమె జట్టులోనే ఉన్న సిమోనా అమనార్‌కి వెళ్ళింది. ఇది తలుచుకుంటే నాకు గుర్రం మీదకంటే ఎక్కువ కోపం వస్తుంది.

సాయంత్రం మళ్ళీ రాసిన దాంట్లో లెక్కలు ఎలా చేశావని వాణ్ణి సరిగ్గా అడగనే లేదు. నాకు కోపంలో పొద్దుటిదే పట్టుకుంది. రేపు అడగాలి. బాగానే రాసి ఉండొచ్చు కూడా.

24న బార్స్ ఫైనల్. ఐదు రోజుల్లో ఖోర్కినాని రెండుసార్లు కింద పడేసిన పరికరం. సుద్దపొడి రాసుకుంటుంటే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగాయి. దిగి, కాళ్ళు కలిపి నిలబడి, చేతులెత్తింది. స్వర్ణం. అట్లాంటా తర్వాత వరసగా రెండోది. ఫ్లోర్‌లో రజతం కూడా వచ్చింది. పెద్దనాన్న "ఈ పిల్లకి పట్టుదల ఎక్కువే" అన్నారు. ఆయన నోటి నుంచి అది భారతరత్న.

తర్వాత ఆమె ఇంటికెళ్ళిపోలేదు. 2001లో గెంట్‌లో, 2003లో ఆనహైమ్‌లో మళ్ళీ ప్రపంచ ఆల్‌రౌండ్ చాంపియన్ అయింది. ఆ టైటిల్ మూడుసార్లు గెలిచిన మొదటి అమ్మాయి. ఆనహైమ్‌లో ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. పక్కన పదిహేనేళ్ళ పిల్లలు. రెండో స్థానంలో వచ్చిన అమెరికా అమ్మాయి కార్లీ ప్యాటర్సనే మరుసటి ఏడాది ఏథెన్స్‌లో ఆమెని దాటి స్వర్ణం తీసుకుంది. ఖోర్కినాకి రజతం. న్యాయనిర్ణేతల మీద బాహాటంగానే మండిపడింది. అక్కడ ఆమె మాట నాకు ఎక్కలేదు. ఆ రోజు ప్యాటర్సన్ బాగా చేసింది. ఏ గుర్రమూ పొట్టిగా లేదు. ఆ తర్వాత ఖోర్కినా బార్స్ ఫైనల్‌లో పడి ఆఖరి స్థానంలో నిలిచింది. మూడో స్వర్ణం రాలేదు. ఒలింపిక్ ఆల్‌రౌండ్ స్వర్ణం ఇక ఎప్పటికీ రాలేదు.

ఇదంతా రాస్తూ ఉండబట్టలేక అక్కకి మెసేజ్ పెట్టాను, నీకు ఖోర్కినాలో ఏది ఇష్టమని. డల్లాస్‌లో ఇప్పుడు పగలే కదా, వెంటనే జవాబిచ్చింది. "ఏథెన్స్ రజతం" అంది. ఇరవై అయిదేళ్ళకి, మూడో ఒలింపిక్స్‌లో, అంతమంది చిన్నపిల్లల మధ్య రజతమంటే సిడ్నీ స్వర్ణం కంటే ఎక్కువట. నేను ఒప్పుకోను. నాకు 24వ తేదీయే. పడిన కడ్డీ మీదకే మూడు రోజుల్లో ఎక్కడం ముందు ఏదీ నిలవదు. అదే రాస్తే "నువ్వు మారవు" అని, నవ్వు బొమ్మ కూడా పెట్టకుండా మీటింగుకి వెళ్ళిపోయింది. రేపు ఆదివారం ఫోన్ చేసి తేల్చుకుంటాను.