ముష్కర అంటే సమ్మె అట

మా చిన్నది ఏడో తరగతి. పుట్టింది, పెరిగింది బెంగళూరులోనే. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ కలిపి ఏదో. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఆ బాధంతా నాదే, దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

మొన్న బడిలో కన్నడలో మాట్లాడమని రైల్వే కార్మికుల నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ గురించి ఇచ్చారు. అప్పుడే గుంతకల్లు నుంచి అమ్మ వచ్చి ఉంది, కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇది పుస్తకం పట్టుకొచ్చి, "అవ్వా, తాత కూడా ముష్కర చేసినాడా?" అని అడిగింది. అమ్మ చెయ్యి ఆగిపోయింది. మన పేపర్లలో ముష్కరులంటే బాంబులు పెట్టేవాళ్ళు కదా! "మీ తాత ఒకరి సొమ్ము పైసా ముట్టినోడు కాదే" అని గొంతు పెంచింది. కన్నడలో ముష్కర అంటే సమ్మె అని నేను చెప్పాక గానీ శాంతించలేదు. (ఎమర్జెన్సీలో ఫెర్నాండెజ్ మీద డైనమైట్‌తో పేలుళ్ళకు కుట్ర పన్నాడని బరోడా డైనమైట్ కేసు పెట్టారు కాబట్టి, అప్పటి ప్రభుత్వం లెక్కలో ఆయన రెండు భాషల్లోనూ ముష్కరే అనుకోండి.)

పాపకు నచ్చింది మాత్రం ఆయన భాషలు. 1930లో మంగళూరులో పుట్టాడు, ఇంట్లో కొంకణి, బయట తుళు, కన్నడ. చర్చిలో ఫాదర్ అవుతాడని ఇంట్లోవాళ్ళు పదహారేళ్ళకే మా బెంగళూరు సెమినరీకి పంపిస్తే, అక్కడ ఇమడలేక 1949లో బొంబాయి వెళ్ళి ఫుట్‌పాత్‌ల మీద పడుకుని, మరాఠీ, హిందీ మాట్లాడుతూ టాక్సీ డ్రైవర్లకు యూనియన్ నడిపాడు. 1967లో దక్షిణ బొంబాయిలో కాంగ్రెస్ పెద్ద నాయకుడు ఎస్.కె. పాటిల్ అంతటివాణ్ణి ఓడించాడు. "అయితే ఆయనది ఏ ఊరు?" అని అడిగింది. నన్నడిగితే నేనేం చెప్తాను, మాది ఏ ఊరో కూడా దానికి సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. ఫెర్నాండెజ్ అప్పుడు ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ అధ్యక్షుడు, సమ్మెకు ఆరు రోజుల ముందే ఆయన్ని అరెస్టు చేశారు. అయినా సుమారు 17 లక్షల మంది పని ఆపేశారు, ఇరవై రోజులు. ఎనిమిది గంటల డ్యూటీ, బోనస్ అడిగారు. విచిత్రం ఏంటంటే, అప్పుడు రాష్ట్రపతిగా ఉన్నది మన వి.వి. గిరి, 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మె నడిపిన మనిషి.

ఇవన్నీ అమ్మకు పట్టవు. నాయన లోకో షెడ్‌లో, రైలింజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్, అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు తడితే క్యారేజీ పట్టుకుని బయలుదేరడమే. సమ్మెలో ఎక్కడ పట్టుకుపోతారోనని రాత్రుళ్ళు వేరే వాళ్ళ మిద్దె మీద పడుకునేవాడట. కాల్ బాయ్ వస్తే, అమ్మ మా అన్నను చంకనేసుకుని, తలుపు సందులోంచే "ఊరికి పోయినాడు" అనేది. ఆ కాల్ బాయ్‌కీ తెలుసంట, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయేవాడట.

"ఇది కూడా చెప్తా" అని చిన్నది రాసుకోవడం మొదలెట్టి, కాల్ బాయ్‌ని కన్నడలో ఏమంటారని నన్నడిగింది. నేను ఫోన్ తీసేలోపే అమ్మ అందుకుంది. "కాల్ బాయే అంటారు లేవే, హుబ్లీ అయితే ఏంది, గుంతకల్లు అయితే ఏంది."